ఆఫీసు వీపీఎన్ ఇంట్లో నిలవకపోతే: ఏ పరిష్కారాన్ని ఎప్పుడు ఎంచుకోవాలి

ఇంటి ఇంటర్నెట్‌పై ఆఫీసు వీపీఎన్ (ఇంటి కంప్యూటర్‌ను ఆఫీసు నెట్‌వర్కుకు భద్రంగా కలిపే దారి) మాటిమాటికీ తెగిపోతున్నప్పుడు చాలామంది మొదట ప్లాన్ స్పీడు పెంచుకుంటారు, అప్పటికీ తగ్గకపోతే కొత్త రూటర్ కొంటారు. ఈ రెండూ అక్కరకు వచ్చే సందర్భాలు ఉన్నాయిగానీ, అవి తక్కువ. వీపీఎన్‌కు వేగం కన్నా ముఖ్యమైనది ప్రవాహం మధ్యలో ఆగకపోవడం. వెబ్ పేజీ తెరుచుకునేటప్పుడు రెండు మూడు సెకన్లు లింకు పోయినా బ్రౌజర్ మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. వీడియో అయితే ముందే కొంత దించుకుని ఉంటుంది కాబట్టి చూసేవారికి తేడా తెలియదు. వీపీఎన్ మాత్రం ఆఫీసు గేట్‌వేతో, అంటే అవతల వీపీఎన్‌ను అందుకునే సర్వర్‌తో, ఒకే సెషన్‌ను గంటల తరబడి నిలబెట్టుకోవాలి, అవతలి వైపు ఉందో లేదో తెలుసుకోవడానికి కొంత వ్యవధికొకసారి చిన్న ప్యాకెట్లు పంపి జవాబు కోసం చూడాలి, వరుసగా కొన్నింటికి జవాబు రాకపోతే సెషన్‌ను మూసేయాలి. కాబట్టి "నెట్ బాగానే ఉంది, వీపీఎన్ ఒక్కటే పోతోంది" అనే ఫిర్యాదును అబద్ధమని కొట్టిపారేయడానికి లేదు.

పరిష్కారాలు చాలా ఉన్నాయి: కేబుల్ వేసుకోవడం, వైఫై బ్యాండు మార్చడం, వీపీఎన్ ప్రోటోకాల్ (డేటా పంపే పద్ధతి) మార్చడం, రూటర్ సెట్టింగులు సరిచేయడం, రూటర్‌నే మార్చడం, రెండో కనెక్షన్ తీసుకోవడం, కనెక్షన్ ఇచ్చే సంస్థనే మార్చడం. వీటిలో ఏది మంచిదన్న ప్రశ్నకు విడిగా సమాధానం లేదు. లింకు ఎక్కడ తెగుతోందో తెలిస్తేనే సమాధానం దొరుకుతుంది.

తెగే తీరు చెప్పే సంగతులు

తెగిన సమయాలను ఒక కాగితం మీద రాసుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అతి చవకైన పని, అత్యంత ఉపయోగకరమైన పని కూడా. సరిగ్గా గంటకోసారో, ఎనిమిది గంటలకోసారో గడియారం పెట్టినట్టు తెగుతుంటే అది ఇంటి ఇంటర్నెట్ లోపం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఆఫీసు గేట్‌వేలో పెట్టిన సెషన్ గడువో, ఎన్‌క్రిప్షన్ తాళాలను మార్చుకునే వ్యవధో అయి ఉంటుంది. ఉదాహరణకు ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా 3600 సెకన్లకోసారి తాళాలు మార్చుకుంటుంది, ఆ సమయంలో మళ్లీ ఓటీపీ అడిగేలా సర్వర్ అమరి ఉంటే గంట గంటకూ సెషన్ పడిపోతుంది. పని ఆపి కాసేపు లేచి వెళ్లి వచ్చేసరికి తెగి ఉంటే రూటర్‌లోని టైమరునో, ల్యాప్‌టాప్ నిద్రావస్థనో, ఆఫీసు పెట్టిన ఐడిల్ గడువునో అనుమానించాలి. పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతున్నప్పుడో, ఇంట్లో మరొకరు వీడియో కాల్‌లో ఉన్నప్పుడో తెగుతుంటే అప్‌లోడ్ దారి నిండిపోతోందని అర్థం. ఏ లెక్కకూ అందకుండా తెగుతుంటే ముందు వైఫైనే చూడాలి. ఇక కనెక్ట్ అయినట్టే చూపిస్తూ చిన్న పేజీలు తెరుచుకుని పెద్ద ఫైళ్లు మాత్రం మధ్యలో బిగుసుకుపోతుంటే అది తెగడం కాదు, ప్యాకెట్ పరిమాణానికి సంబంధించిన వేరే జబ్బు; దాని సంగతి తరువాత.

రెండు పింగ్‌లు, ఒక హాట్‌స్పాట్

తీరు చూశాక చోటు తేల్చుకోవాలి. కమాండ్ విండోలు రెండు తెరిచి, ఒకదానిలో ఇంటి రూటర్ చిరునామాకు, అంటే సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1కు, మరొకదానిలో 8.8.8.8 వంటి బయటి చిరునామాకు ఆగకుండా పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే కమాండ్) నడవనివ్వాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. ఆఫీసు వీపీఎన్ ట్రాఫిక్ మొత్తాన్నీ తన సొరంగంలోంచే పంపేలా అమరి ఉంటే, వీపీఎన్ నడుస్తున్న ల్యాప్‌టాప్ నుంచి బయటికి కొట్టిన పింగ్ కూడా ఆఫీసు మీదుగానే వెళుతుంది, కొన్ని చోట్ల ఇంటి రూటర్‌కు కొట్టే పింగ్ కూడా ఆగిపోతుంది. కాబట్టి ఈ పరీక్షను అదే వైఫైపై, అదే గదిలో ఉన్న మరో కంప్యూటర్ నుంచి నడపడం మేలు.

వీపీఎన్ తెగిన నిమిషంలో ఆ రెండు విండోల్లో ఏముందో చూడాలి. రెండింటిలోనూ "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" వరుసలు కనిపిస్తే లోపం ఇంటి లోపలే, అంటే కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్యే ఉంది. రూటర్ పింగ్ 2, 3 మిల్లీసెకన్లతో నిలకడగా ఉండి బయటి పింగ్ మాత్రమే ఆగితే మోడెమ్‌నో, ఇంటికొచ్చే లైనునో అనుమానించాలి. రెండూ శుభ్రంగా నడుస్తుండగా వీపీఎన్ ఒక్కటే పోతే ప్రోటోకాల్, రూటర్‌లోని నాట్ టైమర్లు (వీటి సంగతి తరువాత), ఆఫీసు గేట్‌వే, లేదా ఆ ల్యాప్‌టాప్ మిగులుతాయి. బయటి పింగ్ ఆగకుండానే 20 మిల్లీసెకన్ల నుంచి 800కు, 1000కి ఎగబాకుతుంటే లైను తెగడం లేదు, నిండిపోతోంది.

ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒక పూట పనిచేసి చూడటం రెండో పరీక్ష. దానిపై వీపీఎన్ నిలిచిందంటే ల్యాప్‌టాప్‌పైనా ఆఫీసుపైనా అనుమానం దాదాపు తొలగినట్టే. నిలవకపోతే మాత్రం వెంటనే ఆఫీసును తప్పుపట్టకూడదు, ఎందుకంటే మొబైల్ నెట్‌వర్కులు ఒకే పబ్లిక్ చిరునామాను చాలామందికి పంచుతాయి, వాటి టైమర్లు ఇంటి రూటర్ కన్నా కఠినంగా ఉండవచ్చు.

కేబుల్, వైఫై, మెష్, పవర్‌లైన్

లోపం ఇంటి లోపలే అని తేలితే నా మొదటి ఓటు ఏ సందేహమూ లేకుండా ల్యాన్ కేబుల్‌కే. క్యాట్5ఈ రకం కేబుల్ 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్ మోయగలదు, వీపీఎన్‌కు అంతకన్నా అక్కరలేదు. ల్యాప్‌టాప్‌కు ల్యాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ సరిపోతుంది. కేబుల్‌ను శాశ్వతంగా వేయడం కుదరకపోయినా, ఒక రోజు నేల మీద పరిచి పరీక్షించడం కుదురుతుంది. కేబుల్‌పై కూడా తెగుతోందంటే వైఫై మీద పెట్టబోయిన ఖర్చంతా మిగిలినట్టే.

కేబుల్ వీలుకాని చోట, రూటర్ ఉన్న గదిలోనే లేదా పక్క గదిలో కూర్చునేవారికి 5 గిగాహెర్ట్జ్ బ్యాండు చాలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, పైగా పొరుగువారి రూటర్లు, బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ ఇరుకులోనే ఉంటాయి. అయితే 5 గిగాహెర్ట్జ్‌లోనూ ఒక మెలిక ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి, రాడార్ సంకేతం విన్నట్టు అనిపిస్తే రూటర్ ఆ ఛానెల్‌ను ఖాళీ చేసి వేరే చోటికి మారిపోవాలి. ఆ మార్పులో పరికరాలన్నీ ఒక్కసారి ఊడిపోతాయి. అన్ని పరికరాలూ ఒకే క్షణంలో వైఫై కోల్పోయి మళ్లీ వస్తున్నాయని గమనిస్తే ఛానెల్‌ను ఆటోమేటిక్‌లో ఉంచకుండా 36 నుంచి 48 మధ్య ఒకదానికి బిగించడం మంచిది.

మెష్ (ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైగా కలిపే యూనిట్లు) గురించి ప్రకటనలు చెప్పేంత ఉత్సాహం నాకు లేదు. ఇల్లంతా సిగ్నల్ అందించడంలో అది బాగా పనిచేస్తుంది, కానీ బల్ల రెండు యూనిట్ల మధ్య సమానదూరంలో ఉంటే ల్యాప్‌టాప్ ఒకదాని నుంచి మరొకదానికి ఊగిసలాడుతుంది, ప్రతి మార్పు దగ్గరా వీపీఎన్‌కు ఒక కుదుపు తగులుతుంది. మెష్ ఎంచుకుంటే యూనిట్లను ఒకదానికొకటి కేబుల్‌తో కలపాలి, లేదా పని బల్ల పక్కనున్న యూనిట్‌కు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో తగిలించాలి. సిగ్నల్‌ను మళ్లీ ప్రసారం చేసే ఒకే రేడియో ఎక్స్‌టెండర్ వేగాన్ని ఇంచుమించు సగానికి తగ్గిస్తుంది, వీపీఎన్ కోసం దాన్ని కొనడం దండగ. కరెంటు తీగల మీదుగా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు ఇంటి వైరింగ్‌ను బట్టి అద్భుతంగానో అధ్వానంగానో పనిచేస్తాయి. వాపసు ఇచ్చే వీలున్నప్పుడే ప్రయత్నించాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాకుండా నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి.

ఇవన్నీ చేసేముందు ల్యాప్‌టాప్‌లో ఒక టిక్కు చూసుకోవాలి. విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబు కింద, కరెంటు ఆదా కోసం ఆ పరికరాన్ని ఆపివేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే గడి ఉంటుంది. దాన్ని తీసేస్తే కొందరి సమస్య అక్కడితోనే ముగుస్తుంది.

యూడీపీయా, టీసీపీయా

పింగ్‌లు రెండూ శుభ్రంగా ఉండి వీపీఎన్ ఒక్కటే పోతున్నప్పుడు అసలు ఎంపిక ఇక్కడ మొదలవుతుంది. యూడీపీ, టీసీపీ అనేవి ప్యాకెట్లు పంపే రెండు పద్ధతులు: టీసీపీ పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపుతుంది, యూడీపీ తనంతట తాను పంపదు. ఇంటి రూటర్ తన వెనుక ఉన్న పరికరాలన్నిటికీ ఒకే బయటి చిరునామా వాడుతుంది కాబట్టి, ఏ పరికరం ఎవరితో మాట్లాడుతోందో ఒక పట్టికలో రాసుకుంటుంది. దీనినే నాట్ అంటారు. కొంతసేపు ఏ ప్యాకెట్టూ కదలకపోతే ఆ వరుసను కొట్టేస్తుంది. యూడీపీకి ఈ గడువు రెండు నిమిషాలకు తగ్గకూడదని, డిఫాల్ట్‌గా ఐదు నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఉంటే మంచిదని ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2007లో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 4787 అనే పత్రం చెబుతుంది. ఆచరణ వేరు. చాలా ఇంటి రూటర్ల లోపల నడిచేది లినక్స్, అందులో ఒకే వైపు నుంచి కదిలిన యూడీపీకి డిఫాల్ట్ గడువు 30 సెకన్లే. టీసీపీకి మాత్రం 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5382 ప్రకారం 2 గంటల 4 నిమిషాలకు తగ్గకూడదు. కాసేపు పని ఆపగానే వీపీఎన్ పోవడానికి, టీసీపీకి మార్చగానే నిలబడటానికి వెనుక ఉన్న కారణం తరచుగా ఈ తేడాయే.

అలాగని అందరూ టీసీపీకి మారడం సరికాదు. వీపీఎన్ లోపల నడిచే ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం కూడా టీసీపీయే. బయటా టీసీపీ, లోపలా టీసీపీ ఉంటే ఒక్క ప్యాకెట్ పోయినప్పుడు రెండు పొరలూ విడివిడిగా తిరిగి పంపడానికి ప్రయత్నిస్తాయి, ఆలస్యం మీద ఆలస్యం పేరుకుపోయి చివరికి మొత్తం గడ్డకడుతుంది. ప్యాకెట్లు పోతున్న వైఫై మీద టీసీపీ వీపీఎన్ పెట్టడమంత చెడ్డ కలయిక మరొకటి లేదు. వాయిస్, వీడియో కాల్స్ వీపీఎన్ లోంచి వెళ్లేవారికి కూడా యూడీపీయే మేలు.

కాబట్టి మొదటి ఎంపిక యూడీపీని అలాగే ఉంచి, ఖాళీగా ఉన్నప్పుడు కూడా చిన్న ప్యాకెట్ పంపే కీపలైవ్ వ్యవధిని తగ్గించడం. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పని లేనప్పుడు మౌనంగా ఉండేలా తయారైంది, అందులో ఈ కీపలైవ్ మొదట ఆపివేసే ఉంటుంది. నాట్ వెనుక ఉన్నవారికి 25 సెకన్లు పెట్టుకోమని దాన్ని తయారుచేసినవారే సూచిస్తారు. ఐపీసెక్ అనే మరో రకం వీపీఎన్‌కు నాట్ కీపలైవ్ డిఫాల్ట్ 20 సెకన్లని 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3948లో ఉంది. లైనులో యూడీపీని అడ్డుకుంటున్నారని తేలినప్పుడో, రూటర్ టైమరు మార్చలేనిదై కీపలైవ్ కూడా ఫలించనప్పుడో టీసీపీ 443 పోర్టుకు మారాలి. అది మామూలు వెబ్ ట్రాఫిక్ వెళ్లే దారే కాబట్టి దాన్ని మూసే నెట్‌వర్కులు అరుదు.

వైఫై నుంచి హాట్‌స్పాట్‌కు, అక్కడి నుంచి కేబుల్‌కు తరచుగా మారేవారికి ఐకేఈవీ2 (ఐపీసెక్‌తో వాడే ప్రోటోకాల్) మంచి ఎంపిక. చిరునామా మారినా సెషన్‌ను నిలబెట్టే మోబైక్ అనే సదుపాయం దానికి 2006లో వచ్చింది. ఆఫీసు సర్వర్ దాన్ని అనుమతించాలి, యూడీపీ 500, 4500 పోర్టులు దారిలో తెరిచి ఉండాలి. వైర్‌గార్డ్ కూడా చిరునామా మార్పును సునాయాసంగా తట్టుకుంటుంది.

ఈ ఎంపికలు చాలా కంపెనీల్లో ఉద్యోగి చేతిలో ఉండవు. యాప్‌లో ప్రోటోకాల్ మార్చే మెనూ కనిపించకపోతే ఐటీ విభాగాన్ని అడగాల్సిందే, అడిగే తీరును బట్టే జవాబు వస్తుంది. "వీపీఎన్ పనిచేయడం లేదు" అని రాస్తే కంప్యూటర్ రీస్టార్ట్ చేయమంటారు. "ఉదయం 9:40కి కనెక్ట్ అయ్యాను, 10:40కి, 11:41కి, 12:42కి తెగింది, ల్యాప్‌టాప్ కేబుల్‌పై ఉంది, ఆ సమయాల్లో రూటర్‌కూ బయటికీ పింగ్‌లో నష్టం లేదు, ఫోన్ హాట్‌స్పాట్‌పై కూడా గంటకోసారి ఇలాగే అయింది, లాగ్ ఫైలు జతచేశాను" అని రాస్తే, చదివినవారు నేరుగా తాళాల మార్పిడి సెట్టింగు తెరుస్తారు.

ప్యాకెట్ పరిమాణం

కనెక్షన్ నిలిచి ఉండి పెద్ద ఫైళ్లు మాత్రమే ఆగిపోతే ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కు ఉండగల గరిష్ఠ పరిమాణం, చూడాలి. ముక్కలు చేయవద్దన్న ఆప్షన్‌తో 1472 బైట్ల పింగ్ బయటికి వెళ్లగలిగితే, 28 బైట్ల శీర్షికలు కలిపి 1500 పరిమాణం దారంతా పడుతోందని లెక్క; వీపీఎన్ ఆపి ఈ పరీక్ష చేయాలి. పీపీపీఓఈ రకం (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) కనెక్షన్‌లో 8 బైట్లు పోయి 1492 మిగులుతుంది కాబట్టి 1464 వరకే వెళుతుంది. వీపీఎన్ తన శీర్షికలు కూడా జోడిస్తుంది. అందుకే వైర్‌గార్డ్ సాధారణంగా 1420 వాడుతుంది. దీన్ని రూటర్‌లో తగ్గించే కన్నా వీపీఎన్ అడాప్టర్‌లో తగ్గించడమే సరైన ఎంపిక, ఎందుకంటే అప్పుడు ఇంట్లోని మిగతా పరికరాల మీద ప్రభావం పడదు. 1400తో మొదలుపెట్టి, చాలకపోతే 1300 వరకు దిగవచ్చు.

రూటర్‌ను సరిచేయాలా, మార్చాలా

సరిచేయడానికే ముందు ప్రయత్నించాలి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం, యూడీపీ టైమరు కనిపిస్తే పెంచడం, ఐపీసెక్ పాస్‌త్రూ వంటి సహాయక సెట్టింగును ఒకసారి ఆన్‌లోనూ ఒకసారి ఆఫ్‌లోనూ పెట్టి చూడటం ఖర్చులేని పనులు. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన మోడెమ్-రూటర్ వెనుక సొంత రూటర్ కూడా ఉంటే రెండు నాట్ పట్టికలు, రెండు ఫైర్‌వాల్‌లు ఏర్పడతాయి. వీపీఎన్ వాటి గుండా వెళ్లలేదని కాదుగానీ, ఏ టైమరు కోసిందో కనుక్కోవడం రెట్టింపు కష్టమవుతుంది. మొదటి పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మాని మోడెమ్‌గా మాత్రమే నడిచేలా) పెట్టడం దీనికి విరుగుడు. ఇంటి నెట్‌వర్కూ ఆఫీసు నెట్‌వర్కూ రెండూ 192.168.1తో మొదలయ్యే చిరునామాలే వాడుతుంటే వీపీఎన్ కనెక్ట్ అయినా కొన్ని సర్వర్లు అందవు, ఇంటి రూటర్‌లో చిరునామాల వరుసను 192.168.77 వంటి దానికి మార్చితే ఆ గొడవ పోతుంది. రూటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటేనో, చాలా పరికరాలు తగిలించగానే బిగుసుకుపోతుంటేనో కొత్తది కొనడంలో అర్థముంది.

అప్‌లోడ్ నిండిపోయే సమస్యకు ప్లాన్ పెంచడం ఒక దారి, రూటర్‌లో ఎస్‌క్యూఎం వంటి క్యూ నియంత్రణ (ప్యాకెట్ల వరుస పేరుకుపోకుండా చూసే సెట్టింగు) పెట్టడం మరో దారి. నేను రెండోదాన్నే ముందు సూచిస్తాను, దానికన్నా ముందు క్లౌడ్ బ్యాకప్‌ను పని వేళల్లో ఆపమంటాను. డౌన్‌లోడ్ వేగం ఎంత పెరిగినా అప్‌లోడ్ అక్కడే ఉండే ప్లాన్ వీపీఎన్‌కు ఏమీ చేయదు.

రెండో దారి ఎప్పుడు

లైనే తెగుతోందని పింగ్‌లు తేల్చి, ఫిర్యాదు చేసినా సంస్థ సరిచేయకపోతే వేరే కనెక్షన్ గురించి ఆలోచించాలి. రోజుకు ఒకటి రెండుసార్లు తెగేవారికి ఫోన్ హాట్‌స్పాట్ చాలు. తెగితే పని దెబ్బతినేవారు రెండో లైను తీసుకోవచ్చు, అయితే అది మొదటి లైను వచ్చే స్తంభం మీదుగానే రాకూడదు. ఒకటి ఫైబర్ అయితే రెండోది మొబైల్ కావడం నయం. రూటర్ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే సంస్థ సీజీ-నాట్ (ఒకే పబ్లిక్ చిరునామాను చాలామంది ఖాతాదారులకు పంచే నాట్) వాడుతోందని గుర్తు. దాని వెనుక నుంచి కూడా వీపీఎన్‌లు సాధారణంగా నడుస్తాయి. మిగతావన్నీ చూసి, అనుమానం దాని మీదే నిలిచినప్పుడు పబ్లిక్ చిరునామా అడగడం సబబు, ముందే కాదు.

ఈలోగా పని ఆగకుండా ఉండటానికి, పనిని ల్యాప్‌టాప్‌లో కాక ఆఫీసు వైపు ఉన్న కంప్యూటర్‌లో నడపడం ఉత్తమం. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ అవతల తెరిచే ఉంటుంది, వీపీఎన్ తిరిగి రాగానే వదిలిన చోటే దొరుకుతుంది, ఆఫీసు పాలసీ దాన్ని మూసేయకపోతే. సర్వర్ల మీద పనిచేసేవారికి, అక్కడి సెషన్‌ను తెరిచే ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రామ్ ఇదే మేలు చేస్తుంది. ఆఫీసుకు తెలియకుండా సొంత వీపీఎన్‌ను దాని మీద ఎక్కించడం, బయటి రిమోట్ యాప్‌లు పెట్టుకోవడం మాత్రం పరిష్కారాల జాబితాలోకే రావు. మొదటిది తరచుగా రెండు సొరంగాలనూ పడగొడుతుంది, రెండోది ఉద్యోగానికే ముప్పు తెస్తుంది.

వేర్వేరు కనెక్షన్ల మీద, వేర్వేరు చోట్ల ఉన్న సహోద్యోగులకు కూడా అదే నిమిషంలో తెగుతోందని తెలిస్తే ఇంట్లో దేనినీ మార్చనక్కరలేదు. తెగిన సమయాల కాగితాలన్నీ కలిపి ఐటీ విభాగానికి ఒకే ఫిర్యాదుగా పంపి, గేట్‌వే లాగ్‌లను ఆ నిమిషాల దగ్గర చూడమని అడగాలి.